ఇంకో మైలు

పొద్దున్నే పడవ దిగిన మనిషి తిన్నగా ఎర్లెండ్ కొట్టుకే వచ్చింది.

యాభై అయిదేళ్ళుంటాయి. తలకు ఉన్నిటోపీ, వీపున పాత సంచి, మెడలో బైనాక్యులర్స్.

"చిత్తడికి దారెటండీ? వానబాతులు వచ్చాయా ఈ ఏడు?"

కొట్టులో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు ఏప్రిల్ ఒకటి. వెతకబోయిన తీగ కాలికే తగిలింది.

స్కాట్లాండ్‌కి ఉత్తరానున్న మా ఆర్క్‌నీ దీవుల్లో ఆ రోజు ఎవరో ఒక అమాయకుడి చేతికి మూసి అంటించిన చీటీ ఇచ్చి ఇంటింటికీ తిప్పుతాం. 'ఈ వెర్రి కోకిలను ఇంకో మైలు తోలండి' అని మాత్రమే ఉంటుంది అందులో; మా వైపు కోకిలంటే వెర్రిబాగులవాడని అర్థం. చదివినవాళ్ళు నవ్వు బిగబట్టి ఇంకో ఇంటికి పంపాలి. పన్నెండు కొట్టగానే ఆపెయ్యాలి. ఎంత పాడు ఆటకైనా ఒక నీతి ఉండాలి కదా.

ఎర్లెండ్ చీటీ రాయడానికి కాగితం అందుకున్నాడు.

ఆవిడ మాత్రం అతన్ని చూడటం లేదు. బల్ల వెనక నిలబడి డబ్బాలు సర్దుతున్న అతని కూతురు థోరా కాళ్ళకేసి చూస్తోంది. థోరాకి ఎనిమిదో నెల.

"అమ్మాయ్, ఆ వాపు ఎన్నాళ్ళబట్టి? కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోమ్మా. తలనొప్పేమైనా..."

ఎర్లెండ్‌కి ఒళ్ళు మండింది. పిల్లను కూర్చోబెట్టాలని అతనికి తెలియదా? పరాయి మనిషి నలుగురిలో చెప్పాలా?

"మా పిల్లను చూడ్డానికి రేపు విమానంలో డాక్టరొస్తున్నాడు. మీరు పిట్టల్ని చూసుకోండి."

క్రిస్మస్ నుంచీ దీవిలో డాక్టరు లేడు. ఆ రేపటి కోసమే తండ్రీకూతుళ్ళు రోజులు లెక్కపెడుతున్నారు.

"అసలు నేను..." అని ఆవిడేదో చెప్పబోయింది.

"మీరెవరైతే ఏంటండీ, మీకోసం పిట్టలు ఆగవు. ఈ చీటీ బెల్లా వదినకి ఇవ్వండి. చిత్తడి గట్టు మీద మొదటి ఇల్లు. వానబాతు గూడు ఆవిడే చూపిస్తుంది."

ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళింది. తలుపు మూసుకోగానే కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది.

"ఎందుకు నాన్నా ఆవిణ్ణి ఏడిపించడం?" అంది థోరా. "మంచిగానే మాట్లాడిందిగా."

"బోడి సలహాలిచ్చేవాళ్ళకి బురద తొక్కితేగాని బుద్ధి రాదు."

పదిన్నరకి బెల్లా ఫోన్ చేసింది.

"మరిదీ, మోకాలిదాకా బురదే! అయినా ఏం చెప్పను, అడుగడుక్కీ ఆగడమే. దారిలో తీతువు గుడ్లున్నాయట, ఎవరూ తొక్కకుండా పక్కన కర్ర పాతి వచ్చింది. మనిషికి కొంచెం తిక్కనుకుంటా."

"ఎటు తోలావ్?"

"అడ్డంగా అవతలి గట్టుకి. మాన్సీ మామ దగ్గరికి."

ఎర్లెండ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

మాన్సీ ఫోన్ చేసేసరికి పన్నెండుంపావు.

"ఒరే, ఈవిడ మనందరికంటే గడుసుదిరా! చీటీ సంగతి బెల్లా ఇంటి దగ్గరే కనిపెట్టిందిట. 'ఫర్వాలేదు, ఈ వంకనైనా నాలుగిళ్ళూ చూసినట్టుంటుంది' అంటూ నవ్వుతోంది. టీ తాగి వెనక్కి బయల్దేరుతోంది."

ఎర్లెండ్ నవ్వు ఆగిపోయింది. వెర్రిదనుకున్న మనిషి తననే చూసి నవ్వుతోందంటే అతనికి మింగుడుపడలేదు.

"పంపకు మామా. వానబాతులు నిజంగా ఉన్నది హామర్ ఇంటి వెనక అని చెప్పు."

"హామర్ ఇల్లా? అది ఖాళీ అయి అయిదేళ్ళు. అక్కడ పురుగు లేదు, ఫోను లేదు. పైగా పన్నెండు దాటిందిరా."

"ఒక్క మైలు మామా. ఇంతోటి దానికి గడియారం చూస్తామా?"

"సముద్రం మీంచి మంచు కమ్ముకొస్తోంది."

"కమ్మనీ. అంత గడుసుది దారి కనుక్కోలేదా?"

మాన్సీ సరేనన్నాడు. తర్వాత అతనికీ నవ్వొచ్చింది.

ఆవిడ మాన్సీ మాట నమ్మింది. పన్నెండు దాటి ఆట అయిపోయాక, వానబాతు పేరు చెబితే ఎందుకు నమ్మదు?

అరగంటలో మంచు దిగింది. వీధికి అవతలున్న చర్చి కనపడటం మానేసింది. చిత్తడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

"నాన్నా," అంది థోరా. "తల పగిలిపోతోంది. నువ్వు సరిగ్గా కనపడటంలేదు."

"మంచేనమ్మా, బయట..."

"బయట కాదు నాన్నా. ఇక్కడే."

ఎర్లెండ్ వెనక్కి తిరిగేసరికి కూతురు నేలమీద ఉంది. పళ్ళు బిగుసుకున్నాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

ఫోను అందుకుని నంబరు కొట్టాడు. మూడోసారికి పెద్ద దీవి ఆసుపత్రి పలికింది.

"హెలికాప్టర్! ఎర్లెండ్ కొట్టు నుంచి! నా పిల్ల... కడుపుతో ఉంది, మూర్ఛ వచ్చింది! వెంటనే పంపండి తల్లీ!"

అవతలి అమ్మాయి ఎవరితోనో మాట్లాడి వచ్చింది.

"ఈ మంచులో ఏదీ లేవదండీ. సాయంత్రం దాకా కష్టమే."

"సాయంత్రమా! ఈలోపల నా పిల్ల పోతుంది!"

"అయ్యో, మీరు అంత కంగారుపడకండి," అంది ఆ అమ్మాయి, ధైర్యం చెబుతూ. "మీ కొత్త డాక్టరుగారు ముప్పై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్నావిడ, డ్యూటీలో చేరేలోగా మీ వానబాతుల్ని చూడాలని ఈ పొద్దుటి పడవకే వచ్చేశారు, దిగగానే మీ కొట్టుకే వస్తానన్నారు, అక్కడే ఉంటారు, కాస్త పిలవండి."