ముప్పై తొమ్మిదో టేకు

అర్ధరాత్రి దాటింది. డబ్బింగ్ థియేటర్లో అద్దం అవతల ఉన్న అమ్మాయి ముప్పై ఎనిమిదోసారి ఏడ్చింది. తెరమీద ఒక తల్లికి బిడ్డ పోయిన ఘట్టం అది.

"ఏడుపు బాగానే ఉంది, అందులో ప్రాణమే లేదు," అన్నాడు దర్శకుడు. మహామేధావి అని ఆయనకి పేరు.

"సార్, మా పాపకి ఒళ్లు కాలిపోతోందని పొద్దుటే చెప్పాగా. ఒక్కసారి ఇంటికెళ్లి చూసొస్తా."

"ఇదొక్కటీ కుదిరితే నేనే పంపిస్తానమ్మా." ఆయన మైకు మీట నొక్కి మెల్లగా అన్నాడు, "నీ పాప ఇక లేదు తల్లీ."

ఆమె పెట్టిన కేకని దర్శకుడి పక్కనే ఉన్న రికార్డిస్టు తట్టుకోలేక స్పీకర్లు కట్టేశాడు. గదంతా నిశ్శబ్దం. ఆమె నోరు మాత్రం తెరుచుకునే ఉంది. రెండు అరచేతులతో అద్దాన్ని బాదుతోంది. ఇవతలికి చిన్న చప్పుడైనా రావడంలేదు.

"మీ పనైపోయింది కదా సార్!" అన్నాడు రికార్డిస్టు. "అబద్ధమని చెప్పేయండి. పిచ్చెక్కేలా ఉంది పాపం."

"అబద్ధమని నీకెవరు చెప్పారోయ్? సాయంత్రం ఈ అమ్మాయి వాళ్లమ్మ ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. ఈ టేకు కోసమే దాచిపెట్టా."

రికార్డిస్టు ఆమె గది తలుపు దగ్గరికి పరిగెత్తాడు. తలుపుకి తాళం వేసి ఉంది.

"వచ్చి కూర్చోవోయ్," అన్నాడు దర్శకుడు, ఎంతో ఆప్యాయంగా. "చివర్లో గొంతు జీరబోయింది. ఇంకొక్కటి తీద్దాం."