బొమ్మ దుప్పి కడుపులో గుండు

ఆర్లో హాగెన్ తన తండ్రి తుపాకిని పాత దుప్పటిలో చుట్టి తెచ్చి, ఓటిస్ బల్ల మీద పెట్టాడు.

“దీని గొట్టం మార్చెయ్. అందరూ వాడే థర్టీ-ఆట్-సిక్స్ తూటా పట్టాలి. శనివారంలోగా కావాలి.”

ఆ లోయలో తుపాకులు బాగుచేసేది ఓటిస్ ఒక్కడే. దుప్పటి విప్పి గుండె పట్టుకున్నాడు.

“జపాన్ సిపాయి తుపాకిరా ఇది! మీ నాన్న యుద్ధం నుంచి మోసుకొచ్చాడు. వాళ్ల చక్రవర్తి చేమంతి ముద్ర కూడా చెరగలేదు. దీని మీద రంపం పెడితే నా కళ్లు పోతాయి.”

“దీనికి తూటాలు దొరకట్లేదు.”

“ఇన్నేళ్లూ నువ్వే ఇంట్లో చేసుకున్నావుగా?”

“వేళ్లు వంగట్లేదు. చేస్తావా, ఇంకొకణ్ని చూసుకోనా?”

అసలు సంగతి వేళ్లది కాదు, దుప్పిది.

వేట కాలం ఇంకా మొదలు కాలేదు. ఫ్రీజర్‌లో మాంసం అడుగంటింది. పొద్దువాలే వేళ ఏటిగట్టున ఓ ఎల్క్ దుప్పి కనిపించేసరికి ఆర్లో ట్రక్కు దిగనైనా దిగకుండా కిటికీలోంచి కాల్చాడు. అది పడలేదు. తాపీగా అతని వైపు తల తిప్పింది. తోక కూడా ఊపింది. అప్పుడర్థమైంది ఆర్లోకి, అది దొంగ వేటగాళ్లను పట్టడానికి సర్కారు వాళ్లు నిలబెట్టిన మోటారు బొమ్మ అని. ట్రక్కును ఇంటిదాకా ఉరికించాడు.

“తోక ఊపిందా?” అంది భార్య నోరీన్. “నీకు టాటా చెప్పుంటుంది. ఏటా పిల్లలకి వేట పాఠాలు చెబుతావు, ‘కనబడిందేమిటో తేలాకే ట్రిగ్గర్ నొక్కండి’ అని. వాళ్లకి తెలిస్తే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?”

మర్నాడు కాఫీ హోటల్లో వేట అధికారి కర్ట్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతనూ ఒకప్పుడు ఆర్లో దగ్గర పాఠాలు విన్నవాడే.

“నా ఖర్మ చూడండి మాస్టారూ! మాటు వేసి కూర్చున్నంతసేపూ ఎవడూ రాలేదు. పొద చాటుకెళ్లి ప్యాంటు విప్పానో లేదో, ఢామ్మని పేలింది. పైకి లాక్కుని వచ్చేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు.” గొంతు తగ్గించాడు. “కానీ బొమ్మ కడుపులో గుండు దొరికింది. మీకొక్కరికే చెబుతున్నా. అది జపాన్ తూటాది. శనివారం ఇంటింటికీ వచ్చి తుపాకులు చూస్తాను.”

ఆర్లో కాఫీ సగంలో వదిలేసి, ఇంటికెళ్లి తుపాకి తీసుకుని ఓటిస్ దగ్గరికి పరుగెత్తాడు. లోయ మొత్తానికి జపాన్ తుపాకి తనదొక్కటే. దొరికితే లైసెన్సు పోతుంది, పాఠాలూ పోతాయి.

శుక్రవారం ఓటిస్ పని ముగించాడు. పాత గొట్టాన్ని ఆర్లో చేతిలో పెడుతూ మొహం తిప్పుకున్నాడు. ఆర్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని వంతెన మీద చాలాసేపు కూర్చున్నాడు. తండ్రి సముద్రాలు దాటించి తెచ్చిన తుపాకి గొట్టం అది. తన మొదటి దుప్పిని దానితోనే కొట్టాడు. కళ్లు మూసుకుని ఏట్లోకి విసిరేశాడు.

శనివారం కర్ట్ వచ్చాడు. నోరీన్ కాఫీ, హకిల్‌బెర్రీ పళ్లు కూరిన తీపి రొట్టె పెట్టింది. రెండు ముక్కలు తిన్నాక అతను తుపాకి అందుకుని, జేబులోంచి ఓ జపాన్ తూటా తీసి దూర్చబోయాడు. పట్టలేదు.

“ఇది థర్టీ-ఆట్-సిక్స్ కదా మాస్టారూ!”

“మా నాన్న ఎప్పుడో మార్పించాడు,” అన్నాడు ఆర్లో.

“గొట్టం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోందే!”

“నేనే తోమాను,” అంది నోరీన్.

ఆర్లో కుర్చీలో వెనక్కి వాలి, మూడో ముక్క కూడా కర్ట్ పళ్లెంలోకి తోశాడు.

“చూశావుగా! నీ దగ్గరున్న గుండు నా తుపాకిది కాదు. ఇక పోయి అసలు దొంగను వెతుక్కో.”

కర్ట్ మూతి తుడుచుకుని, లేచి నిలబడ్డాడు.

“నా దగ్గర గుండెక్కడిది మాస్టారూ? అది బొమ్మలోంచి దూసుకుపోయి ఏట్లో పడింది. ఈ లోయలో తుపాకి ఉన్న ప్రతివాడికీ గుట్టుగా, గుండు వాడి తూటాదేనని చెప్పాను. పరుగెత్తి గొట్టం మార్పించింది మాత్రం మీరొక్కరే!”