కొంటే ఒట్టు

"యోగా ప్రదర్శనా? మరి చాప తెచ్చుకోమని ఎవరూ చెప్పలేదే!" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ తెల్లజుట్టు పెద్దాయన.

"యోగా కాదండీ, వినియోగం! వినియోగ సంస్కృతి మీద బొమ్మల ప్రదర్శన," అంది గ్యాలరీ మేడం.

"ఓహో, సగం విని యోగం అనుకున్నా! సరే, వచ్చినవాణ్ణి చూడకుండా పోతానా?" అంటూ లోపలికొచ్చాడు.

చిత్రకారుడికి నవ్వు రాలేదు. ప్రదర్శనకి ఇవాళ ఆఖరి రోజు. ఒక్క బొమ్మా గోడ దిగలేదు. సాయంత్రంలోగా ఒక్కటైనా అమ్ముడుపోకపోతే రంగులు మానేసి రంగంలోకి దిగుతానని భార్యకి మాటిచ్చాడు. రంగమంటే, ఇన్నేళ్ళుగా తను గడప కూడా తొక్కని బావమరిది ఫర్నిచర్ షోరూం.

బొమ్మలు మాత్రం ఫొటోలు సిగ్గుపడేలా ఉన్నాయి. తగ్గింపు ధర కుక్కర్ కోసం జుట్లు పట్టుకున్న ఇద్దరు తల్లులు, వెనకాల ట్రాలీలో సామాన్ల కింద నలుగుతున్న పిల్లాడు. ఖరీదైన గౌనుకి ముత్యాలు కుడుతున్న అమ్మాయి, ఆమె జాకెట్టుకి చంక కింద చిరుగు. బొమ్మల్లో మనుషులకి ప్రాణం ఉంది. చూసేవాళ్ళకే చలనం లేదు.

మధ్యాహ్నం ఒక డాక్టరమ్మ గౌను బొమ్మ ముందు ఆగింది.

"మా హాల్లో సోఫా పైన అతికినట్టు సరిపోతుంది. ప్యాక్ చేయించండి."

చిత్రకారుడు ఒక్క గంతులో లేచాడు. పెద్దాయన నోరు అంతకంటే ముందే లేచింది.

"అమ్మా, ఒక్క మాట. ఆ పిల్ల కళ్ళల్లోకి చూడండి. 'ఇది నీకు నిజంగా అవసరమా?' అని అడగడం లేదూ? సోఫాకి జోడీ అని కొనేస్తే రేపు ఆ కళ్ళకి ఏం జవాబు చెప్తారు?"

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎంత బాగా గీశారండీ! ఇవాళ్టితో మారిపోయాను. అక్కర్లేనిది ఇంకేదీ కొనను," అని చిత్రకారుడికి చెయ్యి కలిపి, అదే ఖాళీ చేత్తో వెళ్ళిపోయింది.

తర్వాత బట్టల మిల్లు ఆసామి. చెక్కుబుక్కు తీసి, పెద్దాయన చెప్పింది విని, మూసి, బొమ్మకో దండం పెట్టి కదిలాడు. ఆ తర్వాత కొత్త దంపతులు. గోడకి బొమ్మ కాదుకదా, మేకు కూడా కొనబోమని ఒట్టేసుకున్నారు.

"ఈ మహానుభావుణ్ణి బయటికి పంపనా?" పళ్ళు నూరింది మేడం.

"ఎలా పంపుతామండీ? నా బొమ్మలు అర్థమైన మొదటి మనిషి!" పొగడ్తకి పొంగాలో, పోయిన బేరాలకి కుంగాలో తెలీక గోడకి ఆనుకున్నాడు చిత్రకారుడు.

సాయంత్రం దీపాలు ఆర్పుతుండగా పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు చిత్రకారుడు.

"ఒక్కటీ పోలేదండీ. అయినా మీరు చూశారు, చాలు. రేపట్నుంచి సోఫాలమ్ముకోవాలి. నావల్ల అవుతుందంటారా?"

మేడం కూడా స్విచ్చి మీద చెయ్యి ఆపి జాలిగా చూసింది.

"ఎందుకవదు బాబూ, దగ్గరుండి నేనే నేర్పిస్తాగా!" అన్నాడు పెద్దాయన, "ఆ షోరూంలో సేల్స్ మేనేజర్ని నేనే, నా కుర్చీలోకి మిమ్మల్ని తెస్తేగానీ నన్ను రిటైర్ కానివ్వనన్నారు మీ బావమరిది."