మోగని సైరన్

"దాన్ని పీక్కోని పో పాపా. ఈడ ఇంక దాంతో ఎవురికీ పని లేదు," అంది పాపక్క.

నాగవేణి రామకుప్పం పక్క టమాటా తోటలో కంచెకు బిగించిన సైరన్ పెట్టెను ల్యాప్‌టాప్‌కు కలిపింది. ఏనుగులు వస్తే మోగాలని కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతూ ప్రాజెక్టుగా తనే చేసి పెట్టింది. పదకొండు రోజుల కిందట అది మోగలేదు. కాపలా పడుకున్న పాపక్క భర్త మునెప్పను ఏనుగు తొక్కేసింది.

"నిద్ర చెడతాండాదని ఆయప్పే ఆపేసుకున్యాడు. శవాన్ని కూడా తిట్టినా, ఇద్దరు బిడ్డల్ని నా నెత్తిన పెట్టి పోతివే అని."

నాగవేణి తెరమీది సి ప్రోగ్రాంను మళ్లీ మొదటినుంచి చదివింది. సైరన్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో గుర్తుంచుకునే, పైనున్న గ్లోబల్ వేరియబుల్ దగ్గర ఆగిపోయింది. దానికి తను ఏ విలువా ఇవ్వలేదు.

"ఆయన ఆపలేదక్కా. తప్పు నాదే. సైరన్ ఆన్‌లో ఉండాలంటే మొదట్లోనే ఒకటి అని రాయాల. నేను మర్చిపోయినా. రాయకుంటే అది సున్నాగానే మొదలవుతాది. సున్నా అంటే ఆఫ్. పెట్టిన దినం చేత్తో ఆన్ చేసినా. కరెంటు పోయి వచ్చినాక మళ్లా ఆఫ్ అయిపోయింది."

కొడుతుందేమోనని తల వంచుకుంది.

"అంటే," పాపక్క మెల్లగా అడిగింది, "మోగుతాదని నమ్మి పండుకున్యాడా?"

"అవునక్కా."

పాపక్క గట్టుమీద కూలబడింది. శవాన్ని ఎత్తినప్పుడూ, దినం నాడూ రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.