పిల్లమొక్కల దొంగ

"మళ్ళీ ఒకటి ఎత్తుకుపోయారే!" ఆదిశేషు కిటికీ దగ్గర నుంచి కేక పెట్టాడు.

కిటికీ గట్టు మీద వరసగా కుండీలు. ఒక్కో కుండీలో గులాబీ విచ్చుకున్నట్టు దళసరి ఆకుల మొక్క, దాని చుట్టూ పిల్లమొక్కలు. అమెరికావాళ్ళు దీన్ని కోడీ పిల్లలూ అంటారు. నీళ్ళు పోస్తే కుళ్ళి చస్తుంది. పట్టించుకోకపోతే హాయిగా బతుకుతుంది. ఎంగిలిచేత్తో కాకిని తోలని ఆదిశేషుకి ఇంతకంటే నచ్చే మొక్క భూమ్మీద లేదు. అడిగినవాళ్ళెవరికీ ఒక్క పిల్లని కూడా ఇవ్వలేదు.

భోజనాల విషయంలో మాత్రం చెయ్యి పెద్దది. వండేది భార్య లీల కదా.

అమెరికాలో ఆ పిస్కాటవే ఊరి తెలుగువాళ్ళలో మొట్టమొదట వీసీఆర్ కొన్నది ఆయనే. ప్రతి శనివారం ఊరంతా ఆ ఇంట్లోనే. సినిమా, పేకాట, భోజనం. ఆఫీసులో ఆయన్ని పలకరించే నాథుడు లేడు. ఆయన పెద్దరికమంతా ఆ శనివారమే.

"ఈసారి ఎవరంటావే?"

లీల ఎంగిలి పళ్ళాల గుట్ట ముందు నిలబడి ఉంది. మిగిలిన పులిహోర సింకులోకి తోసి స్విచ్ నొక్కింది. సింకు అడుగున చెత్త నలిపే మిషను బరబరా నమిలేసింది.

"పోనిద్దురూ. దొంగిలించిన మొక్కే బాగా బతుకుతుందంటారు. పాపం, ఎవరికో ఆశ పుట్టింది."

"ఎవరికి?"

"నాకేం తెలుసు? నళిని మాత్రం కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. నేనేం అనడం లేదు."

అది చాలు. ఆదిశేషు నళిని మొగుడికి ఫోన్ కొట్టాడు.

"డాక్టరు గారూ, మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఒకసారి చెక్ చేస్తారా?"

డాక్టర్ మూర్తి చెక్ చేయలేదు. మళ్ళీ ఆ గడపా తొక్కలేదు.

పై శనివారం ఇంకో పిల్ల మాయం. సుమతి వాళ్ళు రావడం మానేశారు. ఆ పైవారం శ్యామ్‌సుందర్ వాళ్ళు. ఓ పిల్లమొక్క పోవడం, ఆదిశేషు ఫోన్ ఎత్తడం, ఒక కుటుంబం రాలిపోవడం. చివరికి రాధాకృష్ణ, జయంతి మిగిలారు.

వీళ్ళూ పోతే పేక పంచడానికి గోడలే దిక్కు. ఈసారి ఏం పోయినా నోరెత్తనని ఆదిశేషు ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ శనివారం పెరుగన్నం దాకా ఒట్టు నిలబడింది. అప్పుడు కళ్ళు కిటికీ మీద పడ్డాయి.

"ఈ ఇంట్లో దొంగలు తిరుగుతున్నారయ్యా!"

మొక్కలకి చల్లదనం పడుతుందని ఆయన హీటరు తగ్గించి పెడతాడు. జయంతి వణుకుతూ శాలువా భుజం మీదికి లాక్కుంది.

లీల పెరుగు వడ్డిస్తూ భర్త చెవి దగ్గరికి వంగింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు... ఛ, నేనేం అనడం లేదు."

ఆదిశేషు లేచాడు. "చెల్లెమ్మా, నీ కోటు జేబులు ఓసారి చూపిస్తావా?"

"మతి పోయిందా శేషూ?" అన్నాడు రాధాకృష్ణ. "పులుసులోకైనా పనికిరాని మొక్క మాకెందుకయ్యా?"

"అయితే చూపించడానికేం?"

జయంతి వెళ్ళి కోటు తెచ్చింది. రెండు జేబులూ ఆయన కంచంలోకే దులిపింది. వక్కపొడి పొట్లం, కారు తాళాలు పెరుగన్నంలో పడ్డాయి.

"చాలా అన్నయ్యగారూ? చీర కూడా దులపమంటారా?"

తాళాలు కడుక్కుని వెళ్ళిపోయారు. తలుపు ధడేల్‌మంది.

మరుసటి శనివారం సాయంత్రమైనా వాకిట్లో ఒక్క కారూ ఆగలేదు. ఆదిశేషు వీసీఆర్ ముందు ఒక్కడే కూర్చుని పేక కలుపుతున్నాడు.

"దొంగవెధవలు! ఊరంతా దొంగవెధవలే! ఆకలేస్తోందే, ఏం వండావు?"

"బ్రెడ్డుంది. టోస్ట్ చేసుకోండి."

వెలిగించని పొయ్యి పక్కన లీల పోపులడబ్బా మూత తీసి, ఇన్నాళ్ళుగా పోయిన పిల్లమొక్కలన్నిటినీ సింకులోకి దులిపి, స్విచ్ నొక్కింది.