పెద్ద మంచం మీద మొదటి నిద్ర

“ఆ గడియ మీద చెయ్యి వేశావంటే, డెక్లన్, ఈ రెండో బిడ్డను నువ్వే కనాలి!”

మర్నీ నిండు పొట్టతో తలుపుకు అడ్డంగా నేల మీద కూలబడింది. గడియ ఆమే బయటివైపు బిగించింది. లోపల రెండున్నరేళ్ల రూబెన్ రెండు చేతులతో తలుపును బాదుతున్నాడు.

“నా తొట్టి! నా తొట్టి కావాలీ!”

“వాడి గొంతు చూడు, ఎలా బొంగురుపోయిందో” అన్నాడు డెక్లన్. “ఇవాల్టికి పాత ఊయల తొట్టిలోనే పడుకోబెట్టేద్దాం. చిన్నది పుట్టాక చూసుకోవచ్చు.”

“ఎవరు చూస్తారు? నువ్వా? రేపు తెల్లారేసరికి విమానమెక్కి గనిలో పనికి ఎగిరిపోతావు. మళ్లీ వచ్చేది రెండు వారాలకి. ఈలోగా నాకు నొప్పులొస్తే? ఒకదాన్ని చంకలో పెట్టుకుని, మంచం దిగి పారిపోయే వీణ్ని ఎన్నిసార్లని ఎత్తుకొచ్చి పడుకోబెట్టను?”

“సరేలే, అరవకు.”

“అరుస్తాను! వాడి గదిలో ఊడిన సీలింగ్ పలక బిగిస్తానన్నావు. బిగించావా? ఈ సెలవుల్లో కొడుక్కి మంచం అలవాటు చేస్తానన్నావు. చేశావా? ఇంతకాలం పైన పరుగులు తీసిన ఎలుకలు కూడా ఈ వారం నోరు మూసుకుని పడుకున్నాయి. నీ కొడుకు తప్ప!”

డెక్లన్ నవ్వబోయి మానేశాడు. ఆమె కళ్ల కింద నల్లటి చారలు ఉన్నాయి. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పగలు కునుకు తీయమన్నా అదే గోల, రాత్రి పడుకోమన్నా అదే గోల. ఇప్పుడు కూడా మధ్యాహ్నం భోజనం పెట్టి, తెరలు దించి, డెక్లనే వాణ్ని మంచం మీద వేసి వచ్చాడు. అతను గది దాటేలోపే వాడు లేచి కూర్చున్నాడు.

దూరాన చెరకు తోటల మీద ఉరుము వినిపించింది.

“బట్టలు!” అన్నాడు డెక్లన్, తప్పించుకునే దారి దొరికినవాడిలా. “తీగ మీద ఉన్నవన్నీ తడిసిపోతాయి.” చెక్కమెట్ల మీద ధడధడా పెరట్లోకి దిగిపోయాడు.

మర్నీ తలుపుకు తల ఆనించింది. లోపల ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది.

“అమ్మా, తలుపు తీ.”

“తియ్యను నాన్నా. నువ్వు పెద్దాడివైపోయావు. పెద్దాళ్లు పెద్ద మంచం మీదే బజ్జుంటారు.”

“ఉక్కగా ఉంది.”

“ఫ్యాన్ తిరుగుతోందిగా. వెళ్లి నీ పాము పక్కన పడుకో. నిన్ను కింద పడకుండా చూసుకోమని నానమ్మ దానికి చెప్పింది కదా?”

పాము అంటే గ్లెనిస్ నానమ్మ పాత గళ్ల తెరను కోసి, లోపల పీలికలు కూరి కుట్టిన బారెడు గుడ్డపాము. గుండీల కళ్లు, ఎర్ర రిబ్బను నాలుక. మంచం అంచున అడ్డంగా పెడితే పిల్లాడు దొర్లి పడకుండా ఆపుతుంది. ఈ నాలుగు రోజుల్లో వాడు ఆ మంచం మీద ఇష్టపడింది దాన్నొక్కదాన్నే.

చిన్న అడుగులు వెనక్కి వెళ్లాయి. మంచం కిర్రుమంది. మర్నీ ఊపిరి బిగబట్టింది.

“అమ్మా!”

“మళ్లీ ఏంటిరా?”

“పాము బజ్జోలేదు. తల ఎత్తింది.”

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇక సాకులన్నీ పాము మీదకు మళ్లుతాయన్నమాట. “నిన్ను చూసే నేర్చుకుంది. దాన్ని కూడా పడుకోమను.”

“పాము చల్లగా ఉంది.”

“ఉక్కగా ఉందన్నావుగా? మంచిదే. దాన్ని గట్టిగా వాటేసుకుని కళ్లు మూసుకో.”

“కరుస్తుందా?”

“నీ పాము నిన్నెందుకు కరుస్తుందిరా, పిచ్చి తండ్రీ! ముద్దు పెట్టుకో.”

ముద్దు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె ఎదురు చూసింది. మళ్లీ అమ్మా అనలేదు. తలుపు బాదలేదు. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప లోపల ఏమీ లేదు.

చివరికి గోడ పట్టుకుని లేచింది. పిల్లిలా గడియ తీసి, తలుపును వేలెడంత తెరిచి తొంగిచూసింది.

దించిన తెరల వల్ల గది మసకగా ఉంది. రూబెన్ నిద్రపోతున్నాడు! పెద్ద మంచం మీద, నోరు కాస్త తెరిచి, మెత్తగా ఊపిరి తీస్తూ. మంచం అంచు పొడవునా ఆ గళ్ల పాము. దాని మీద వాడి బుగ్గ, దాని చుట్టూ వాడి చెయ్యి. వాడు తెగ నలిపినట్టున్నాడు, లోపలి పీలికలన్నీ ఒకచోటికి చేరి నడుమ ఉబ్బెత్తుగా ఉంది. విప్పి మళ్లీ కుట్టాలి అనుకుంది మర్నీ. తలుపు మూసి, చప్పుడు కాకుండా గడియ పెట్టింది.

ఇక నొప్పులు రేపు వచ్చినా ఫరవాలేదు. ఆమె కళ్ల వెంట నీళ్లు ధార కట్టాయి.

మెట్ల మీద అడుగుల చప్పుడు. డెక్లన్ బట్టల బుట్టతో పైకి వస్తూ ఆమె కన్నీళ్లు చూసి గాభరాగా ఆగిపోయాడు. మర్నీ పెదవుల మీద వేలు పెట్టింది.

“గెలిచాం” అని గుసగుసలాడింది. “పామును వాటేసుకుని పడుకున్నాడు.”

“ఏ పామును?” డెక్లన్ తువ్వాళ్లు పక్కకు తీశాడు. వాటి కింద రెండు గుండీల కళ్లు కనిపించాయి. “పొద్దున నువ్వు చెకప్‌కి వెళ్లినప్పుడు దీనికి పాలు తాగించాడు మహానుభావుడు. ఉతికి తీగ మీద వేశాను, ఇప్పుడే ఆరింది.”