కొండమ్మకు వినపడదు

"కొండమ్మక్కా! యాడికి పోతాండావు?"

పక్కింటి అంకమ్మ కేక మగ్గం చప్పుడును దాటుకుని వచ్చింది. తిప్పన్న చేయి ఆగిపోయింది. మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసేలోపే ఆ తర్వాతి ఇంటి గంగాధర అందుకున్నాడు.

"అత్తా! ఎండ మండిపోతాండాది, మెల్లగా పో!"

ఆ వెనుకే వీధి చివర ఎస్టీడీ బూత్ నడిపే నీలావతి గొంతు లేచింది.

"అవ్వా! రా, ఈడ కూర్చో!"

తిప్పన్న తల వాల్చేశాడు. చేసుకున్న ఖర్మ, అనుభవించక తప్పుతుందా!

భార్యకు మతి తప్పుతోందని పుట్టపర్తి ఆసుపత్రిలో చెప్పి రెండేళ్లయింది. ఆ సంగతి ధర్మవరంలో నలుగురికీ తెలియడం కన్నా చావు నయమనిపించింది ఆ పెద్దమనిషికి. పలకరించిన వాళ్లందరితో "దానికి చెవుడొచ్చిందబ్బా, వినపడదు" అని బొంకాడు. ఇక అప్పటి నుంచీ వీధి వీధంతా ఒకటే అరుపులు. చీమ చిటుక్కుమన్నా వినే మనిషిని చెవిటిదాన్ని చేశానే అని లోలోపల కుమిలిపోయేవాడు. నిజం చెప్పుకోవాలంటే మాత్రం అంతకు మించిన సిగ్గు.

ఆ రోజు ఇక ఓర్చుకోలేక అంకమ్మ గడపలోకి వెళ్లాడు.

"రేపు పెనుకొండకు ఇల్లు మారుతాండామమ్మా."

"ఆడ అక్కను ఎవురు చూసుకుంటారన్నా?"

"లోపల పెట్టి బీగమేస్తా."

"మనిషికి బీగమా!" అంకమ్మ నిర్ఘాంతపోయింది.

"ఏం చేసేది? నేను మగ్గంలో ఉంటే తెలీకుండా దాటుకుంటాది. దోవ తప్పితే..." తిప్పన్న నాలుక కరచుకున్నాడు.

"ఇన్నాళ్లలో ఎప్పుడన్నా తప్పిందా?"

లేదు. రోజూ ఎవరో ఒకరు చేయి పట్టుకుని తెచ్చి ఇంట్లో దించుతూనే ఉన్నారు. అది తన అదృష్టం అనుకున్నాడు తిప్పన్న.

"అది కాదమ్మా. దాని మీద అందరూ అట్ల అరుస్తాంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటాది."

"అక్క చెవులు బాగుండాయని మాకు తెలుసన్నా," అంది అంకమ్మ మెల్లగా. "మతి సంగతీ తెలుసు."

తిప్పన్నకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"మరి తెలిసీ ఎందుకట్ల అరుస్తారు?"

"ఆ కేకలు అక్కకు కాదన్నా, ఇంక మీరు చూసుకోండని పక్కింటికి."